వాక్యానికి కత్తెర పెట్టేముందు

డిసెంబర్ 31 రాత్రి సికింద్రాబాద్‌లో ఏ పేటకు వెళ్ళినా ఏదో ఒక చర్చిలో వాచ్‌నైట్ ఆరాధన జరుగుతూనే ఉంటుంది. పన్నెండు కొట్టగానే కరచాలనాలు, శుభాకాంక్షలు, కేకు ముక్కలు. ఆ తర్వాత చాలామంది అసలు ఎదురుచూసే ఘట్టం వాగ్దాన కార్డు. పళ్ళెంలో బోర్లించి ఉంచిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని, చదువుకుని, కళ్ళకద్దుకుని పర్సులో పెట్టుకుంటారు. ఇంటికి వెళ్ళాక అది ఫ్రిజ్ తలుపు మీదికో, పూజ్యంగా చూసుకునే పెద్ద బైబిల్లోకో చేరుతుంది. ఈ ఆచారాన్ని ఎగతాళి చేయాలని రాయడం లేదు. ఏడాది పొడవునా బైబిలు తెరవని మనిషి చేతిలో ఆ ఒక్క రాత్రయినా ఒక వచనం పడుతోంది, మంచిదే. కానీ ఆ కార్డు మనకు తెలియకుండానే ఒక అలవాటు నేర్పింది. వాక్యాన్ని దాని చోటు నుంచి కత్తిరించి తెచ్చుకోవడం ఆ అలవాటు.

ఆ కార్డుల్లో అందరికీ ప్రీతిపాత్రమైనది యిర్మీయా 29:11. దేవుని ఆలోచనలు మన క్షేమం కోసమేనని, మనకు నిరీక్షణతో కూడిన భవిష్యత్తు ఉందని అభయమిచ్చే వచనమది. ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాడికీ, ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న తల్లికీ ఆ మాట ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. అది దేవుని మాటే, సందేహం లేదు. అయితే దాని పై వచనంలో ఏముంది? బబులోనులో డెబ్బై ఏళ్ళు గడిచాకే ఆ మాట నెరవేరుతుందని ఉంది. ఇంకాస్త పైకి, 5వ వచనానికి వెళ్తే, అక్కడే ఇళ్ళు కట్టుకుని, తోటలు నాటుకుని, పిల్లల పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడమని దేవుడు చెరలోని వారికి ఆజ్ఞాపించాడని ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న నలభై ఏళ్ళ యూదుడు మళ్ళీ యెరూషలేము ముఖం చూడడు. అతని మనవలు చూస్తారు. తనను చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేస్తూ (29:7) అతను అక్కడే కన్నుమూస్తాడు. ఇదంతా కలిపితేనే ఆ వాగ్దానం. కార్డు మీద చోటు చాలక మిగిలింది వదిలేశారు!

ఆ ఉత్తరానికి ముందున్న అధ్యాయం మన ప్రసంగాల్లో అంతగా వినబడదు. అందులో హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. ఊరు గిబియోను. దేవాలయంలో, యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట నిలబడి రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుందనీ, దోచుకుపోయిన మందిర పాత్రలన్నీ తిరిగొస్తాయనీ, చెరపోయిన వారంతా ఇల్లు చేరతారనీ ప్రకటించాడు. యిర్మీయా చెప్పింది డెబ్బై ఏళ్ళు, హనన్యా చెప్పింది రెండేళ్ళు. జనం ఎవరి వైపు మొగ్గి ఉంటారో ఊహించడం కష్టమా? ఇద్దరూ యెహోవా పేరు మీదే మాట్లాడారు, ఇద్దరూ ప్రవక్తలే. పైగా హనన్యా మాటలో దేశభక్తి ఉంది, విశ్వాసం ఉట్టిపడుతోంది. యిర్మీయా మెడ మీద మాత్రం ఒక కొయ్యకాడి ఉంది.

యిర్మీయా ఏం చేశాడన్నది గమనించాలి. మొదట ఆమేన్ అన్నాడు! నువ్వు చెప్పినట్టు దేవుడు చేస్తే నాకూ సంతోషమే అన్నాడు (28:6). అది వెటకారమని కొందరు వ్యాఖ్యాతలంటారు గానీ, తన ప్రజల కోసం అంతగా ఏడ్చిన ప్రవక్తకు వారు చెర నుంచి త్వరగా రావాలని ఉండదా? ఆ తర్వాత మెల్లగా ఒక మాట గుర్తు చేశాడు. సమాధానం ప్రకటించే ప్రవక్త నిజమో కాదో ఆ మాట నెరవేరినప్పుడు తెలుస్తుందన్నాడు. హనన్యాకు కోపమొచ్చి, అందరూ చూస్తుండగా యిర్మీయా మెడ మీది కాడిని లాగి విరిచేశాడు. నడివీధిలో జరిగిన అవమానమది. యిర్మీయా జవాబు చెప్పలేదు, తన దారిన తాను వెళ్ళిపోయాడు (28:11).

ఓడిపోయాడనే జనం అనుకుని ఉంటారు. ఈ రోజుల్లో అయితే ఆ కాడి విరిచిన దృశ్యం సాయంత్రానికల్లా యూట్యూబ్‌లోకి ఎక్కేది, ‘నోరు మూయించిన హనన్యా’ అనే శీర్షికతో! కానీ వెళ్ళిపోయిన యిర్మీయా పారిపోలేదు. దేవుడు మళ్ళీ మాట ఇచ్చాక తిరిగొచ్చాడు, కొయ్యకాడి పోయి ఇనుపకాడి వస్తుందని హనన్యా ముఖం మీదే చెప్పాడు, నువ్వు ప్రజల్ని అబద్ధం నమ్మేలా చేశావని కూడా అన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే హనన్యా చనిపోయాడు. ఆమేన్ అనడం, వెళ్ళిపోవడం, తిరిగొచ్చి ఖండించడం - మూడు పనులూ చేసింది ఒకే మనిషి. మనలో చాలామందికి ఆ మూడోదొక్కటే వచ్చు.

ఆరు వందల ఏళ్ళ తర్వాత రోమా చెరసాలలోంచి పౌలు, ఎఫెసులో సేవ చేస్తున్న తిమోతికి రాసిన రెండో లేఖలో ఇదే సంగతి ఉంది. రెండో అధ్యాయం 14 నుంచి 26 వరకు ఒక్క బిగిన చదవండి. మాటల గురించి యుద్ధం చేయొద్దని విశ్వాసులను హెచ్చరించమన్నాడు. అక్కడ పౌలు వాడిన గ్రీకు మాటకు అచ్చంగా మాటల యుద్ధమనే అర్థం. ఆ వెంటనే, సిగ్గుపడనక్కర్లేని పనివాడిలా సత్యవాక్యాన్ని సరిగ్గా నిర్వహించమన్నాడు. మూలభాషలో ఇక్కడున్న క్రియకు తిన్నగా కోయడమని అర్థం. సామెతల గ్రంథపు పాత గ్రీకు అనువాదంలో (3:6) దారిని తిన్నగా వేయడమనే అర్థంలో అదే మాట ఉంది. పౌలు డేరాలు కుట్టి బతికినవాడు గనుక (అపొ.కార్య. 18:3) బట్ట కోసే పని ఆయన మనసులో ఉండి ఉంటుందని కొందరి ఊహ. ఊహే అయినా జనరల్ బజారులో బట్ట కొని టైలర్‌కిచ్చే మన ఊరి వారికి సులువుగా అర్థమవుతుంది. మంచి టైలరు కొలత రెండుసార్లు చూసుకుని గానీ కత్తెర తీయడు. కత్తెర పడ్డాక ఎంత బాగా కుట్టినా ఆ అతుకు కనబడుతూనే ఉంటుంది.

వాక్యాన్ని తప్పుగా కోసే పనిలో ఆరితేరినవాడు అరణ్యంలో యేసు ప్రభువును శోధించిన సాతానే. వాడు తప్పుడు గ్రంథమేదీ తేలేదు, 91వ కీర్తనే తెచ్చాడు. ఆలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు చేతుల మీద ఎత్తి పట్టుకుంటారన్న భాగం వినిపించాడు. మత్తయి 4:6ను ఆ కీర్తన 11వ వచనం పక్కన పెట్టి చూస్తే, నీ మార్గాలన్నిటిలో దేవుడు కాపాడతాడన్న ముక్క వాడు మింగేసిన సంగతి తెలుస్తుంది. మనిషి నడవాల్సిన మార్గానికే ఆ కాపుదల, శిఖరం మీద నుంచి దూకే సాహసానికి కాదు. ప్రభువు ఆ కీర్తన తప్పనలేదు, వాదనకూ దిగలేదు. ద్వితీయోపదేశకాండంలోని మరో మాట తీసి దాని పక్కన పెట్టాడు, అంతే.

ఇక మన సంఘాల సంగతి. ఆడవారు ముసుగు వేసుకోవాలా, నగలు పెట్టుకోవచ్చా, క్రిస్మస్ చేయొచ్చా, ఆరాధన శనివారమా ఆదివారమా, చిన్నపిల్లలకు బాప్తిస్మమివ్వొచ్చా, భాషలు మాట్లాడనివాడికి ఆత్మ ఉన్నట్టా లేనట్టా? ఈ ప్రశ్నల మీద మన ఊళ్ళో చీలిన సంఘాలను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. ఇవన్నీ వ్యర్థమైన ప్రశ్నలని అనడం లేదు. బాప్తిస్మం గురించి మనస్సాక్షితో ఒక అభిప్రాయానికి రావడం ప్రతి విశ్వాసికీ అవసరమే. కానీ మన అభిప్రాయాలు మనకెలా వచ్చాయో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటే కొంచెం మెత్తబడతాం.

పంతొమ్మిదో శతాబ్దంలో తెలుగునాట మిషన్లు ప్రాంతాలు పంచుకున్నట్టే పనిచేశాయి. మచిలీపట్నం వైపు ఆంగ్లికన్ చర్చి మిషనరీ సొసైటీ, గుంటూరులో 1842 నుంచి లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టులు, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు, కడప వైపు లండన్ మిషన్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలోకి దిగిన మాదిగ కుటుంబాల పెద్దలు లూథరు, కాల్విన్, వెస్లీ సిద్ధాంతాలను తూచి చూసి బాప్టిస్టులు కాలేదు. కరువులో, అవమానంలో తమను మనుషులుగా పలకరించిన వారి దగ్గర క్రీస్తును తెలుసుకున్నారు. ఆ పలకరించిన వారు బాప్టిస్టులు. అదే కుటుంబం నాలుగు ఆమడల అవతల పుట్టి ఉంటే లూథరన్ అయ్యేది, మెదక్‌లో పుట్టి ఉంటే మెథడిస్టు అయ్యేది. తర్వాత రైల్వే కొలువులకూ, కంటోన్మెంటు పనులకూ, చదువులకూ వీళ్ళందరి మనవలు సికింద్రాబాద్ చేరి పక్కపక్క ఇళ్ళలో కాపురాలు పెట్టారు. తాతకు దగ్గరలో ఉన్న మిషన్‌ను బట్టి వచ్చిన పేరును మనవడు పరలోకపు టికెట్టులా చూపించి పక్కింటివాడికి రక్షణ లేదంటే, దాన్ని సిద్ధాంత నిష్ఠ అని ఎలా అనగలం?

ఇన్ని పేర్లున్నా అన్ని వేదికల మీదా ఉన్నది ఒకే తెలుగు బైబిలు. దీని వెనుకా ఒక పాత తగవు ఉంది. బాప్తిస్మమనే మాట గ్రీకుది. విలియం కేరీ, ఆయన తోటివారు బెంగాలీ బైబిల్లో దాన్ని నీట ముంచడమనే అర్థమొచ్చేలా అనువదించారు. ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు ఒప్పుకోలేదు. 1830ల్లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ ఆ అనువాదానికి సాయం నిరాకరించింది. అమెరికాలో బాప్టిస్టులు 1836లోనూ, ఇంగ్లాండులో 1840లోనూ వేరే బైబిలు సంఘాలు పెట్టుకున్నారు. ఒక్క క్రియాపదం కోసం రెండు ఖండాల్లో సొసైటీలు చీలాయి! మన తెలుగు బైబిల్లో ఆ మాట గ్రీకు మాటగానే మిగిలింది. అర్థం నిర్ణయించకుండా వదిలేశారని భాషావేత్తలు విమర్శించవచ్చు. కానీ దానివల్లే బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ., పెంతెకోస్తు విశ్వాసులు నలుగురూ సికింద్రాబాద్‌లోని బైబిల్ హౌస్‌కు వెళ్ళి అదే గ్రంథాన్ని కొనుక్కుని రాగలుగుతున్నారు.

తగవులాడకుండా విభేదాలను ఎదుర్కోవడం తెలుగు సంఘానికి చేతకాని పనేమీ కాదు. దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిది తమిళదేశం. తెలుగు నేర్చుకుని వచ్చి సేవ చేసిన ఆయన 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1919 మేలో తరంగంబాడిలో వివిధ సంఘాల బోధకులు కలిసి ఐక్యత కోసం పిలుపునిచ్చినప్పుడు ఆయన ముందు నిలిచారు. 1927లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో పాశ్చాత్య సంఘ నాయకుల ఎదుట ఆయన కుండబద్దలు కొట్టారు. మీ దేశాల్లో ఈ చీలికలు బలహీనత మాత్రమే కావచ్చు, మా దేశంలో మాత్రం అవి పాపమూ అపకీర్తీ అన్న సారాంశంతో మాట్లాడారు. అలాగని సిద్ధాంతాలను గాలికొదిలి ఐక్యత తేలేదు. బిషప్పులు ఉండాలా, ఉంటే వారి అధికారమెంత, బిషప్ చేతులుంచని బోధకుడి అభిషేకం చెల్లుతుందా అన్న ప్రశ్నల మీద ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడుకున్నారు. చివరికి ఉన్న బోధకులందరినీ మళ్ళీ అభిషేకం లేకుండా అంగీకరించారు. ఇకపై అభిషేకాలు బిషప్పుల చేతుల మీదుగా జరగాలన్నారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధననూ పరిచర్యనూ రుద్దబోమని మాట ఇచ్చుకున్నారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. తరంగంబాడి నుంచి అక్కడికి 28 ఏళ్ళు. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు. యిర్మీయా ఉత్తరం అందుకున్న ఆ నలభై ఏళ్ళ యూదుడి లాగే!

అయినా అంతా సవ్యంగా సాగలేదు. లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు. నంద్యాల ప్రాంతంలో ఆంగ్లికన్ విశ్వాసులు వేల సంఖ్యలో బయటే ఉండిపోయారు. ఐక్యమైన సంఘంలోనూ పదవుల తగాదాలు వచ్చాయి. 2023 జనవరిలో జరిగిన సి.ఎస్.ఐ. సినాడ్ ఎన్నికల వివాదం మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. 2024 ఏప్రిల్‌లో ఆ కోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నిర్వాహకులుగా నియమించింది. తర్వాత అది సుప్రీంకోర్టుకూ చేరింది. ఎవరిది న్యాయమో కోర్టులు తేలుస్తాయి. మన వరకు, విశ్వాసుల తగవు అవిశ్వాసుల ఎదుటికి వెళ్ళడమే ఓటమి అన్న 1 కొరింథీ 6 అధ్యాయాన్ని చదవడానికి ఏ డయాసిస్‌లోనైనా ఇక ధైర్యం కావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తగవు వద్దన్న వాక్యాన్ని సంఘ పెద్దలు తమకు డాలుగా వాడుకుంటున్నారు. కానుకల లెక్క అడిగితే తగవు, చర్చి స్థలం ఎవరికి లీజుకిచ్చారంటే తగవు, ఒక ఆడపిల్ల తనకు జరిగిన అన్యాయం చెప్పుకుంటే సంఘానికి అపకీర్తి! ఇది కూడా వాక్యాన్ని వంకరగా కోయడమే. యెరూషలేము బీదల కోసం వసూలు చేసిన చందా విషయంలో ఎవరూ వేలెత్తకుండా, మనుషుల దృష్టిలో కూడా మచ్చ లేకుండా పౌలు సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21). లెక్క అడిగినవాడిని ఆయన కలహప్రియుడని అనలేదు, అడగకముందే చూపించాడు. నేరం జరిగితే చట్టం దగ్గరికి వెళ్ళడం రోమా 13 ప్రకారం సరైన పనే.

మరి ఎక్కడ గట్టిగా నిలబడాలి, ఎక్కడ తగ్గాలి? తగవు వద్దన్న అదే వాక్యభాగంలో పౌలు హుమెనై, ఫిలేతుల పేర్లు బయటపెట్టాడు. పునరుత్థానం ఎప్పుడో అయిపోయిందని వారు బోధిస్తున్నారు. వారి మాటలు కొరుకుపుండులా పాకుతాయన్నాడు. షుగర్ ఉన్నవారి కాలికి పుండు పడితే ఏమవుతుందో తెలిసిన ఇళ్ళలో ఈ పోలికకు వివరణ అక్కర్లేదు. క్రీస్తు లేవకపోతే, మనం లేవకపోతే విశ్వాసమే లేదు గనుక అక్కడ పౌలు తగ్గలేదు. ఆయనే రోమా 14లో తిండి గురించీ, దినాల గురించీ ఎవరి మనస్సులో వారు నిశ్చయించుకోమన్నాడు, ఒకరినొకరు తీర్పు తీర్చొద్దన్నాడు. మనం దీన్ని తలకిందులు చేశాం. చెవిపోగుల మీద సంఘాన్ని చీలుస్తాం గానీ, ప్రార్థనకు రేటు పెట్టేవారినీ, నూనె సీసాల్లో స్వస్థత అమ్మేవారినీ ప్రశ్నించడానికి మనకు గొంతు పెగలదు. వారి సభలకు వచ్చే జనం ఎక్కువ, హనన్యాకు వచ్చినట్టు.

ప్రశ్నించేటప్పుడైనా ఎలా? ఎదిరించేవారిని సాత్వికంతో సరిదిద్దమన్నాడు పౌలు, దేవుడు వారికి మారుమనస్సు ఇస్తాడేమో అన్నాడు (2:25). వీడియో పెట్టేముందు ఆ ‘ఏమో’ దగ్గర కాసేపు ఆగాలి. ఎదుటివాడు మారాలన్న ఆశ ఉన్నవాడు అతన్ని పదివేల మంది ముందు నిలబెట్టి నవ్వులపాలు చేయడు. ఎఫెసులోనే అపొల్లో అనే గొప్ప వక్త సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నాడు, కానీ యోహాను బాప్తిస్మం దాకానే అతనికి తెలుసు. వింటున్న ప్రిస్కిల్ల, అకుల అక్కడే లేచి తప్పు పట్టలేదు. అతన్ని చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత వివరంగా చెప్పారు (అపొ.కార్య. 18:26). ఇంటికే తీసుకెళ్ళి ఉంటారు. పండితుడికి పాఠం చెప్పిన ఇద్దరిలో ఒకరు స్త్రీ, ఇద్దరూ డేరాలు కుట్టేవారే.

బహిరంగంగా గద్దించాల్సిన సందర్భమూ ఉంటుంది. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు (గలతీ 2:11-14). ఆ సంగతి పత్రికగా సంఘాలన్నీ తిరిగింది, పేతురుకు ఎంత తలవంపులై ఉంటుందో! ఆ పేతురే తన రెండో పత్రిక చివర పౌలును ప్రియమైన సహోదరుడని పిలిచాడు. పౌలు పత్రికల్లో కొన్ని సంగతులు గ్రహించడం కష్టమని నిజాయితీగా ఒప్పుకుని, విద్యలేనివారు మిగతా లేఖనాలను వక్రం చేసినట్టే వాటినీ చేస్తున్నారని హెచ్చరించాడు (2 పేతురు 3:15-16). తనను తప్పుపట్టిన మనిషి రాతలను లేఖనాల సరసన పెట్టాడు.

పౌలుకూ తగవుల చరిత్ర ఉంది. మొదటి ప్రయాణంలో మధ్యలోనే వెళ్ళిపోయిన మార్కును మళ్ళీ వెంటబెట్టుకోవాలా వద్దా అని బర్నబాతో ఆయనకు పడిన పేచీ ఎంత తీవ్రమంటే ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని కుప్రకు ఓడెక్కాడు (అపొ.కార్య. 15:39). తగవులొద్దని తిమోతికి చెప్పిన ఆ రెండో పత్రిక చివరి అధ్యాయంలో పౌలు చలికాలం రాకముందే రమ్మని తిమోతిని బతిమాలాడు. త్రోయలో వదిలేసిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలూ, ముఖ్యంగా చర్మపు కాగితాలూ తెమ్మన్నాడు. వీటికంటే ముందు ఒక మనిషిని వెంటబెట్టుకుని రమ్మన్నాడు, పరిచర్యలో తనకు అతను పనికొస్తాడన్నాడు (4:11). ఆ మనిషి మార్కు.